జార్జి పండుగ ఎవరిది?



ఈమధ్య శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె సంఘంలో యౌవనస్థుల కూడికకు వెళ్లాము. వాక్యం అయ్యాక ప్రశ్నలు అడగమంటే, డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు లేచాడు. "అయ్యగారండీ, ఏప్రిల్ 23 ఇంగ్లండోళ్లకి జార్జి పండగట. మనం క్రిస్మస్ చేసినట్టు చేస్తారేటండి?" పక్కనున్నవాడు "కె.జి.హెచ్. జార్జేనేటి?" అనేసరికి అందరూ నవ్వారు. విశాఖ ఆసుపత్రికి పేరిచ్చిన జార్జి ఒక రాజు. పండుగ జార్జి ఒక హతసాక్షి. ఇద్దరికీ నడుమ పదహారు వందల ఏళ్ల దూరం.

నవ్వులు ఆగాక ఆ తమ్ముడు అసలు మాట బయటపెట్టాడు. "మాది తెల్లోళ్ల మతం అని ఊళ్లో అంటారండి. అందుకే అడిగాను." ఆ ప్రశ్నకు అక్కడ చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తున్నాము.

రోమన్ కథోలిక సహోదరులు పాలక పునీతుడు అంటారే, ఇంగ్లండుకు అలాంటివాడు జార్జి. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఊరు ఊరంతా కదిలినట్టు ఇంగ్లండు ఆ రోజున కదులుతుందని ఊహిస్తే పొరపాటే. ఆ రోజు అక్కడ సెలవు కూడా లేదు. ఉత్తర ఐర్లండుకు పాట్రిక్ దినం సెలవు, స్కాట్లండుకు అంద్రెయ దినం సెలవు. ఇంగ్లండువారికీ ఇస్తామని 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీ మాట ఇచ్చింది గాని, గెలవలేదు. కొన్ని చర్చి గోపురాల మీద తెల్లని గుడ్డపై ఎర్ర సిలువ ఉన్న జెండా ఎగురుతుంది. దగ్గరి ఆదివారం స్కౌటు పిల్లలు వరుసకట్టి గుడికి వెళతారు, జార్జి వాళ్లకూ పాలకుడే. కొన్ని పట్టణాల్లో ఊరేగింపు ఉంటుంది. తక్కినవారికి అది పనిదినమే.

ఒకప్పుడు ఇలా లేదు. 1415లో అజాన్‌కూర్ యుద్ధంలో ఫ్రెంచివారిపై గెలిచాక ఆ పండుగను క్రిస్మస్‌తో సమానంగా ఆచరించాలని నిర్ణయించారు. తరువాత సంఘ సంస్కరణ వచ్చి పునీతుల పండుగలను చాలామట్టుకు తగ్గించింది. 1707లో స్కాట్లండుతో ఒకే రాజ్యమయ్యాక ఉమ్మడి జెండా ముందుకొచ్చింది, జార్జి సిలువ వెనక్కు వెళ్లింది. మళ్లీ ఆ జెండా వీధుల్లో విరివిగా కనబడింది 1996 ఫుట్‌బాల్ పోటీలప్పుడు. ఈలోగా పరదేశులంటే గిట్టని గుంపులు కూడా దాన్ని పట్టుకున్నాయి. అందుచేత ఇంటి మీద ఆ జెండా కట్టడానికి వెనుకాడే ఇంగ్లీషువారు ఈనాటికీ ఉన్నారు. హతసాక్షిని జాతికి గుర్తుగా నిలబెడితే చివరికి మిగిలేది జెండా గురించిన తగవేనని మాకు తోస్తుంది.

ఇంతకీ జార్జి ఇంగ్లండు మొహం చూసినవాడు కాడు. ఆయన గురించి చరిత్ర గట్టిగా చెప్పగలిగింది కొద్దే. రోమా సైన్యంలో పనిచేశాడని, డయోక్లీషియన్ చక్రవర్తి హింసాకాలంలో, క్రీ.శ. 303 ప్రాంతంలో, విశ్వాసం విడువనందుకు చంపబడ్డాడని సంప్రదాయం. ఆయన సమాధి లుద్దలో ఉందంటారు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తెరవండి, పేతురు ఐనెయను లేపిన ఊరు అదే. గుర్రం, ఈటె, ఘటసర్పం కథ ఐరోపాలో పాకింది 13వ శతాబ్దంలో, అంటే తొమ్మిది వందల ఏళ్ల తరువాత. బొమ్మ బాగుంటుంది గనుక కథే నిలిచింది. ఈటె పట్టి చంపినవాడిగా కాదు, చంపబడినవాడిగా సంఘం ఆయనను మొదట జ్ఞాపకం చేసుకుంది.

ఆయనను ఇంగ్లండువారికంటే ఘనంగా తలచుకొనేవారు మనకు దగ్గరలోనే ఉన్నారు. కేరళలో పుత్తుపల్లి, ఎడత్వా గుళ్లకు మే మొదటి వారంలో జనం విరగబడతారు. పాత పంచాంగం ప్రకారం ఏప్రిల్ 23 ఇప్పుడు మే 6న పడుతుంది. బేత్లెహేము పక్కన అల్ ఖదర్ అనే ఊరిలో ఆయన పేరిట ఉన్న గుడికి ముస్లిములు కూడా వస్తారు.

మరి మన ప్రాంతానికి ఆ పేరు ఎలా వచ్చింది? ముందు సర్కారు పేరుగా వచ్చింది. చికాకోల్ అని వ్రాసుకున్న శ్రీకాకుళాన్నీ, విజయనగరాన్నీ మద్రాసులోని సెయింట్ జార్జి కోట నుంచే పాలించారు. ప్రభుత్వ గెజిట్ పేరు కూడా ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిటే. సువార్త వచ్చిన దారి మాత్రం వేరు. 1805లో విశాఖ చేరిన లండన్ మిషనరీ సొసైటీ ఇద్దరిలో ఒకరు జార్జి క్రాన్, తెలుగు నేర్చుకొని సువార్తల అనువాదానికి కూర్చొని 1809లో కన్నుమూశారు. ఆ రోజుల్లో కంపెనీవారికి మిషనరీలంటే అంత ఇష్టం లేదు, 1813 చార్టరుతో గాని తలుపు సరిగా తెరుచుకోలేదు. బొబ్బిలిలో సేవచేసిన జార్జి చర్చిల్ గారు కెనడా బాప్టిస్టు. బాప్టిస్టులు పునీతుల పండుగలే చేయరు. మన సంఘాల్లో పిల్లలకు జార్జి అని పేరు పెట్టేది ఇలాంటివారిని తలచుకొనే గాని, ఇంగ్లండు జెండాను చూసి కాదు.

మాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఏప్రిల్ 23 ఈస్టర్ వారంలో పడితే ఇంగ్లండు సంఘం జార్జి దినాన్ని వెనక్కు జరుపుతుంది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది గనుక దాన్ని 28కి మార్చారు. పునరుత్థానుడైన ప్రభువు ముందు ఏ దేశపు పునీతుడైనా వరుసలో ఆగవలసిందే.

ఇదంతా చెప్పి, ఆ కూడికలో మేమూ ఒక ప్రశ్న అడిగాము. ఈ ఊరిలో మొట్టమొదట బాప్తిస్మం పొందినవారెవరు? ఫోన్లు తీశారు గాని, అందులో ఏం దొరుకుతుంది? వెనక చాప మీద కూర్చున్న ఒక మామ్మగారు మెల్లగా చెప్పారు. తన తాతగారితో కలిపి ముగ్గురు నాగావళిలో దిగారట. ఆ తరువాత ఏడాదిపాటు వాళ్లను కూలికి పిలవలేదట. తాతగారి పేరు చెప్పారు, రెండో ఆయన పేరు చెప్పారు. మూడో ఆయన పేరు ఎంత ఆలోచించినా రాలేదు. "మా అప్ప ఉంటే చెప్పీది బాబూ" అన్నారు. ఆ తమ్ముడు లేచి, తన బైబిలు మొదటి పేజీలో ఆ రెండు పేర్లూ వ్రాసుకొని, కింద ఒక గీత ఖాళీగా ఉంచాడు.