పైపూత, లోలోహము

చిలకలపూడి పేరు వినగానే మన ఆడపడుచులకు రోల్డుగోల్డు నగలు తలపునకు వచ్చును. లోపల రాగి, పైన పలుచని బంగారు పూత. ఇందు మోసమేమియు లేదు. అమ్మువాడు పూతయని చెప్పియే యమ్మును. కొనువాడు పూతయని యెఱిగియే కొనును. వెలయు దానికి తగినట్లే యుండును. ఆ గొలుసునే మేలిమి బంగారమని యమ్మినచో నేరమగును. వస్తువు మాఱలేదు, మాట మాఱినది.

నగను గీటురాతిపై గీసి చూడవచ్చును. సంఘమును, బ్యాంకును, కంపెనీని ఏ రాతిపై గీయుదుము? సొమ్ము దాచుకొన్న రైతు లెక్కల పుస్తకములు చూడడు. చూచినను నిజమేదో తేల్చుకొనజాలడు. నడుపువాని నడవడిని నమ్మియే సొమ్ము చేతికిచ్చును.

చెన్నపట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ యని తెల్లదొరల గొప్ప వర్తకసంస్థ యుండెడిది. వేలకొలది జనులు అందు సొమ్ము దాచుకొనిరి. 1906 అక్టోబరులో అది కూలిపోయెను. దాని పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్‌నకు 18 నెలల కఠినశిక్ష పడెను గాని, శిక్షవలన పోయిన సొమ్ము రాదుగదా! ఆ తరమువారింకను బ్రతికియుండగనే, 1923 నవంబరు 28న, డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పూనికచే బందరులో ఆంధ్రా బ్యాంకు తెఱవబడెను. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమగువఱకు ఆ పేరు నిలిచెను. తొలినాళ్ల జనులు అందు సొమ్ము వేసినది ఆ లక్షను చూచి కాదని నా యభిప్రాయము.

మన కాలపు కథ మఱింత కటువైనది. హైదరాబాదులో 1987లో పుట్టిన యొక కంపెనీకి సత్యమని పేరు. 2009 జనవరి 7న దాని యధ్యక్షులు రామలింగరాజుగారు, లెక్కలలో చూపిన నగదునందును, బ్యాంకు నిలువయందును 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని తామే లేఖ వ్రాసిరి. నిజమునకును లెక్కకును నడుమ తేడా మొదట స్వల్పమే యనియు, ఏటేట పెరిగిపోయెననియు అందు తెలిపిరి. కాలువగట్టునకు ఎలుకబొరియ యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఈ యేటి లాభమును కొంచెము పెంచి వ్రాసినవాడు మఱుసటి యేట నిజము వ్రాసినచో నష్టము బయటపడును. కావున ఇంకను పెంచును. ఆ లాభమునకు తగిన నగదు చూపుటకు మఱియొక కాగితము పుట్టింపవలెను. ఇది యొక్కనివలన కాదు. 2015లో ప్రత్యేక న్యాయస్థానము దోషులని తీర్పు చెప్పినది పదిమందిని. అందు లెక్కల తనిఖీదారులును గలరు. వారు అప్పీలునకు పోయిరి.

మీ సహకార పరపతి సంఘపు లెక్క కోట్లలోనిది కాకపోవచ్చును. తెగులు మాత్రమదియే. అధ్యక్షుని బావమఱది బాకీ కట్టడు. అతని పేర క్రొత్త యప్పు వ్రాసి, పాతబాకీ చెల్లినట్లు చూపుదురు. రూపాయి చేతులు మాఱదు. పుస్తకము మాత్రము శుభ్రముగా నుండును. గుమాస్తాకు తెలియును, బంట్రోతుకును తెలియును. గుమాస్తా ఎరువుల బస్తాలలో నాలుగు తగ్గించి వ్రాసిననాడు అధ్యక్షుడు ఏ మొగముతో అతనిని నిలదీయగలడు?

వచ్చు మహాసభలో బాకీదార్ల జాబితా చదువునపుడు, అధ్యక్షుని పేరును, పాలకవర్గమువారి బంధువుల పేర్లను మొదట చదువుమని యడుగుడు. మొగమాటము కలుగును, పాలివారు, పిల్లనిచ్చినవారు, అదే వీథివారు. అయినను ఆ పేర్లు చదువుటకు నాలుగు నిముషములు పట్టదు.