బస్సు మీద రాసిన లెక్క

ఇవాళ టాపిక్ బ్రెగ్జిట్. మనకెందుకు అంటారా? వినండి.

2016లో బ్రిటన్‌లో ఒక ఎర్ర బస్సు తిరిగింది. యూరోపియన్ యూనియన్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆసుపత్రులకి పెడదాం అని దాని మీద రాశారు. నిజమేంటంటే, అందులో రిబేటు సొమ్ము అసలు బ్రిటన్ దాటేదే కాదు. ఇంకొంత రైతులకి, వెనకబడిన ప్రాంతాలకి తిరిగొచ్చేది. అది తప్పుదారి పట్టించే లెక్క అని అక్కడి గణాంకాల సంస్థే చెప్పింది. అయినా 51.9 శాతం మంది బయటికే ఓటేశారు. కస్టమ్స్ కాగితాల బాధ, యూరప్‌లో వీసా లేకుండా పని చేసే హక్కు పోవడం, ఇవేవీ బస్సు మీద లేవు.

ఇక మన సంగతి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రాకి ఐదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. విభజన చట్టంలో ఆ మాట లేదు. హోదా రాలేదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, డాక్యుమెంట్‌లో లేని ఫీచర్ డెలివరీ కాదు. అందుకే విడిపోదాం అన్నవాళ్లని రెండు అడగండి: నష్టం లెక్క ఏది? హామీ రాతలో ఉందా? లోపలుంటే గొడవపడి లెక్క సరిచేసుకోవచ్చు. బయటికెళ్లాక ఆ మీటింగ్‌లో మనకి ఓటే ఉండదు.