మూసీనదికి ఋతుధర్మము

అశోక్ నగరు వంతెనపై నిలిచి క్రిందికి జూచువారు అరుదు. ముక్కు మూసికొని దాటిపోవుటయే అచటి ఆచారము. హుస్సేన్ సాగరపు మిగులునీటిని మూసీకి జేర్చుటకై యేర్పడిన ఆ కాలువ, చిక్కడపల్లి గ్రంథాలయమున కూర్చుండి పోటీపరీక్షలకై భారతదేశ నదుల పేరులను వల్లెవేయు విద్యార్థులకు కూతవేటు దూరముననే, నారాయణగూడ ప్రక్కగా సాగిపోవును. నడివేసవిలోను ఎండదు. ఎండకపోవుటయే దాని వ్యాధి.

అనంతగిరి కొండలలో బుట్టి వాడపల్లివద్ద కృష్ణలో గలియు మూసీ సహజముగా వాననీటి నది. వర్షాకాలమున పొంగును, శీతకాలమున సన్నగిలును, గ్రీష్మమున మడుగులై నిలుచును. ఈ హెచ్చుతగ్గులు నదికి లోపములు గావు, ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములు. తొలకరి వరద పాచిని, పూడికను ఊడ్చి ఇసుకను గడుగును. నీరు చల్లబడి, మట్టము పెరిగి, ఎఱ్ఱబారగానే బొచ్చె, శీలావతి మున్నగు నదీమత్స్యములు ఎదురీది, నీట మునిగిన తీరభూములలో గ్రుడ్లు విడుచును. నిలువనీటి చెఱువులో నెంత బలిసినను అవి తమంత తాము గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి మొదలగు శాస్త్రజ్ఞులు ఒడిశాలో వేఱొక చేప పిట్యూటరీ గ్రంథిసారమును సూదిమందుగా నెక్కించి ఆ పని చేయింపగలిగిరి. వరద యిచ్చు ఆజ్ఞకు బదులు సూది కావలసివచ్చెనన్నమాట!

1908 సెప్టెంబరు 28వ తేదీ మహాప్రళయము పిమ్మట విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు వెలసినవి. ప్రాణములను గాచి దప్పిక దీర్చిన ఆ నిర్మాణములను నిందించుట కృతఘ్నత. కాని మంచినీరు ఎగువ నాగినది. దిగువకు నగరపు స్నానశౌచముల నీరు ఏడాది పొడవున సమముగా జేరుచున్నది. మురికిని కుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. లీటరునకు నాలుగు మిల్లీగ్రాములైన లేనిదే అది చేపల కనువైన నీరు గాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము. పైకి వచ్చి గాలి పీల్చు కొఱ్ఱమీను కొంత నిలద్రొక్కుకొనవచ్చును. తక్కినవాని గతి యేమి? వేసవి యంతయు పేరుకొనిన బురదను తొలివాన ఒక్కసారిగా కదలించుటచే, జలచరములకు పండుగ కావలసిన తొలకరియే విషమగుచున్నది.

2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన గోదావరి జల పథకమున, తరలింపదలచిన 20 టీ.ఎం.సీ.లలో 2.5 మూసీ పునరుజ్జీవనమునకు కేటాయించిరి. సంతోషము. అయితే ఆ నీటిని విడుచు తీరెట్టిది? సంవత్సరమంతయు సమముగా విడిచినచో దినమున కించుమించు 80 క్యూసెక్కుల ధార యగును. చూపునకు నది నిండుగనే యుండవచ్చును. చేపకు మాత్రము ఆషాఢమేదో చైత్రమేదో తెలియదు. వరద యన్న మాటకు అశోక్ నగరువాసులు ఉలికిపడుట సహజము; 2000 ఆగస్టులో ఇండ్లలోనికి వచ్చిన నీటిని వారు మఱవలేదు. మేము కోరునది అట్టి వరద గాదు, కోరునదియు కాలువలో గాదు. వానకాలపు మొదట మూసీలో వేయి క్యూసెక్కుల వంతున ఐదు దినములు విడిచినను అర టీ.ఎం.సీ.కి లోపే వ్యయమగును. తక్కిన రెండింటిని ఋతువు ననుసరించి సన్నముగా విడువవచ్చును.

ఇది వింత కోరిక గాదు. 2018 అక్టోబరున కేంద్రప్రభుత్వము దేవప్రయాగనుండి హరిద్వారమువరకు గంగలో సగటు ప్రవాహమున నవంబరు మొదలు మార్చివరకు నూటికి 20, అక్టోబరు, ఏప్రిల్, మే నెలలలో 25, జూన్ మొదలు సెప్టెంబరువరకు 30 పాళ్లు విడువవలెనని శాసించెను. గంగకు లెక్కించిన మాసములను మూసీకేల లెక్కింపరాదు?

ఒక్క చిక్కు మిగిలినది. గోదావరీజలము గండిపేట దిక్కునుండి వచ్చును. అశోక్ నగరు కాలువ అంబరుపేట ప్రాంతమున దానిలో గలియును. కాలువలోని మురికిని ముందుగా శుద్ధి చేయకున్నచో పైనుండి వచ్చిన మంచినీరు అచటివరకే మంచినీరు.