మెట్ట సీమలో పగడపు తొట్టె: మీకు తెలుసా?

పేరులో సముద్రమున్న మన పెద్దతిప్పసముద్రం ఊరి నుంచి బంగాళాఖాతానికి నేరుగా గీత గీసినా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లల్లో పెద్ద రీఫ్ (పగడపు దిబ్బ) అక్వేరియం పెట్టాలంటే సముద్రపు నీళ్లు తెచ్చుకునే వీలు లేదు, ఇక్కడే తయారుచేసుకోవాలి. అది సాధ్యమే. కాకపోతే చేపల కన్నా ముందు నీళ్లను అర్థం చేసుకోవాలి. అందుకు పనికొచ్చే సంగతులివి.

1. మద్రాసులో 1909లోనే
మెరీనా తీరాన 1909లో మద్రాసు అక్వేరియం తెరిచారు. దాని వెనక ఉన్నది మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ అక్వేరియం మూతపడింది. ఇక ఇళ్లల్లో రీఫ్ తొట్టెలకు దారి చూపింది ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్. సముద్రపు రాళ్లు, గాలి బుడగలతోనే పగడాలు బతికే పద్ధతిని ఆయన 1961లో లోకానికి వివరించారు.

2. తొట్టె బరువు టన్ను దాటుతుంది
ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టెలో సుమారు 850 లీటర్లు పడతాయి. ఉప్పునీళ్లే 870 కిలోలు. వాటికి 12 మిల్లీమీటర్ల గాజు, ఇసుక, రాళ్లు తోడైతే టన్ను పైమాటే. మిద్దె మీద పెట్టాలనుకుంటే ముందు ఇంజినీరుకు చూపించాలి. ‘కుప్పం గ్రీన్’గా పేరుపడ్డ గ్రానైటు మన దగ్గరిదే కదా, స్టాండు మీద పరవడానికి ఆ పలక బాగుంటుంది. లెవెల్ సరిచూసి, రాతికీ గాజుకూ మధ్య థర్మాకోల్ షీటు వేయాలి. కింద చిన్న గులకరాయి చిక్కినా ఒత్తిడంతా అక్కడే పడి అడుగు గాజు చీలుతుంది.

3. తొట్టె లోపలికి గ్రానైటు చాలదు
చేపలు వదిలే వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. ఆ బాక్టీరియా కాపురం రాళ్ల సందుల్లోనే. గ్రానైటు గట్టిగా, రంధ్రాలు లేకుండా ఉంటుంది కాబట్టి వాటికి చోటు తక్కువ. సన్న రంధ్రాలుండే సిరామిక్ రాళ్లు అందుకు మేలు. సిమెంటుతో చేసిన రాళ్లయితే వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, క్షారం పోయాకే వాడాలి.

4. వంటింటి ఉప్పుతో సముద్రం కాదు
లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. లెక్కన 850 లీటర్లకు 30 కిలోల దాకా కావాలి. వాటిలో మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు, పొటాషియం కూడా కొలత ప్రకారం ఉండాలి. కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటేనే రాతి పగడం తన అస్థిపంజరం బాగా కట్టుకుంటుంది. అందుకే అక్వేరియం సాల్ట్ మిక్సే వాడతారు.

5. క్యాన్ నీళ్లూ సరిపోవు
రాతి నేలలో లోతుకు దిగిన బోర్ల నీటిలో సిలికా, నైట్రేటు, ఫ్లోరైడు కరిగి ఉంటాయి. సిలికా, నైట్రేటు ఎక్కువైతే గాజు మీద గోధుమ రంగు పొర, రాళ్ల మీద పచ్చటి నాచు అలుముకుంటాయి. మనం తాగే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లలోనూ కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) మిగులుతుంది. ఆర్వో నీటిని డీఐ (డీఅయొనైజేషన్) రెసిన్ గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపాలి.

6. నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు పోయకూడదు
ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. తగ్గిన మేరకు మళ్లీ ఉప్పునీళ్లే పోస్తూ పోతే ఉప్పదనం రోజురోజుకూ పెరుగుతుంది. మంచినీళ్లే పోయాలి, అదీ డీఐ నీళ్లే. ఎండాకాలంలో పెద్ద తొట్టె నుంచి రోజుకు ఐదారు లీటర్లు తేలిగ్గా ఆవిరైపోతాయి.

7. ఎత్తైన ఊళ్లలో నీటికి ఆక్సిజన్ తక్కువ
మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. తీరంతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి ఎనిమిది శాతం తక్కువ, నీటిలో కరిగే ఆక్సిజనూ అంతే తక్కువ. పైగా ఉప్పునీరు మంచినీటి కన్నా దాదాపు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టి ఉంచుతుంది. అందుకే మన వైపు తొట్టెల్లో నీటి పైభాగం ఎప్పుడూ అల్లాడుతూ ఉండాలి. కరెంటు పోయినప్పుడు ముందు నడవాల్సింది లైట్లు కాదు, పంపు. దానికి బ్యాటరీయో ఇన్వర్టరో తప్పనిసరి.

8. ఎండను ఫ్యానుతో ఎదుర్కోవచ్చు
పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి హాయి. అలవాటైన వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి నిలిచినా, తమలో కాపురముండే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడిపోతాయి. పగడానికి కావలసిన శక్తిలో అధిక భాగం ఇచ్చేవి ఆ శైవలాలే. మన ఎండాకాలం గాలి పొడిగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. మట్టికుండ నీళ్లను చల్లబరిచే సూత్రంతోనే, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి.

9. ఉంగరంలో పగడం వేరు
నవరత్నాల్లో పేరున్న ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే చోట పెరుగుతుంది. దానికి శైవలాలతో పని లేదు. రీఫ్ పగడాలకు మాత్రం ఎండ కావాలి, అందుకే తొట్టెల మీద నీలి ఎల్‌ఈడీ లైట్లు పెడతారు. రెండూ జంతువులే, మొక్కలు కావు.

10. ఆంధ్ర తీరంలో పెద్ద రీఫ్ ఎందుకు లేదంటే
గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకు గిట్టవు. ఒండ్రు వాటిని కప్పేస్తుంది, వెలుతురును అడ్డుకుంటుంది. విశాఖ దగ్గర పూడిమడక వంటి రాతి తీరాల్లో పగడపు జీవులు కనిపించాయి కానీ, అవి లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో, మన్నారు సింధుశాఖలో లాగా దిబ్బలు కట్టలేదు.

11. పగడం తీస్తే జైలు
రీఫ్ కట్టే పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్నంత రక్షణ. శిక్ష మూడేళ్లకు తగ్గదు. సముద్రం నుంచి పెరికిన చచ్చిన పగడపు రాయి కూడా మన ఇంట్లో ఉండకూడదు. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనండి. విదేశీ మెత్తటి పగడాలు కొనాలన్నా బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి, అనుమానముంటే అటవీశాఖను సంప్రదించండి.

12. హేచరీలో పుట్టిన చేపలున్నాయి
కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే క్లౌన్ చేపలను పొదిగించి పెంచే పద్ధతి రూపొందించింది. లక్షద్వీప్‌లోని అగత్తిలో మహిళలు శిక్షణ పొంది అలంకార రొయ్యలు పెంచుతున్నారు. హేచరీ చేప తొట్టెకూ మేతకూ ముందే అలవాటుపడి ఉంటుంది, దాని కోసం రీఫ్‌లో వల వేయక్కర్లేదు. ఇంకో వింత: క్లౌన్ చేపలన్నీ ముందు మగవే. గుంపులో ఆడది చనిపోతే దాని జత మగ చేప ఆడదిగా మారుతుంది.

13. సంచి విప్పాక ఆలస్యం చేయకూడదు
బెంగళూరు నుంచి బస్సులో వచ్చేసరికి చేప వదిలిన కార్బన్ డయాక్సైడుతో సంచి నీటి పీహెచ్ తగ్గుతుంది. అమ్మోనియా అప్పటికి పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి మూసిన సంచినే తొట్టెలో తేలేసి వేడి సమం చేయాలి. విప్పాక ఎక్కువసేపు నాననివ్వకుండా చేపను తొట్టెలోకి మార్చాలి, సంచి నీళ్లు బయట పారబోయాలి.

14. దోమల మందు, రాగి మందు ముప్పు
దోమల కాయిళ్లు, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ విషం. తొట్టె ఉన్న గదిలో దోమతెరే మంచిది. చేపల జబ్బుకు వాడే రాగి మందు రొయ్యలను, పగడాలను చంపుతుంది, దాన్ని వేరే తొట్టెలోనే వాడాలి.

15. మొదట కొనాల్సింది చేప కాదు
ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా, నైట్రైటు టెస్ట్ కిట్లు ముందు కొనండి. బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాక ఒక జత క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి.