మీకు తెలుసా? రెండు శతాబ్దాలకు చేరువైన లాహైనాలూనా పాఠశాల

హవాయి దీవుల్లో ఒకటైన మావిలో, లాహైనా పట్టణానికి ఎగువన కొండవాలులో ఉన్న లాహైనాలూనా ఉన్నత పాఠశాలను, ఆ దీవులు ఇంకా స్వతంత్ర రాజ్యంగా ఉన్న 1831లో, అమెరికా నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీలు స్థానిక యువకులను ఉపాధ్యాయులుగా, మతబోధకులుగా తీర్చిదిద్దేందుకు స్థాపించారు.

హవాయి దీవుల్లో తొలి వార్తాపత్రిక అయిన 'కా లామా హవాయి' 1834 ఫిబ్రవరి 14న ఇక్కడే, స్థానిక భాషలో అచ్చయింది. రాగి రేకుపై గీతలు చెక్కి, ఆ గాట్లలో సిరా నింపి కాగితంపై ముద్ర తీసే తామ్రఫలక ముద్రణను విద్యార్థులు నేర్చుకుని, తమ దీవుల దృశ్యాలనూ భూగోళ పటాలనూ తామే తయారుచేశారు. తొలితరం విద్యార్థులైన డేవిడ్ మాలో, శామ్యూల్ కమాకౌ అంతవరకు మౌఖికంగా సాగిన వంశచరిత్రలను, ఆచారాలను అక్షరబద్ధం చేసి, హవాయి చరిత్ర రచనకు పునాది వేశారు.

1849లో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చిన ఈ సంస్థ 1923లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలగా మారినా, వసతిగృహ విద్యార్థులు పాఠశాల వ్యవసాయ క్షేత్రంలో పనిచేస్తూ చదువుకునే సంప్రదాయం కొనసాగింది; ప్రభుత్వ పాఠశాలల్లో ఇది అరుదైన ఏర్పాటు. 2023 ఆగస్టులో కార్చిచ్చు లాహైనా పట్టణంలో అధిక భాగాన్ని దహించినప్పటికీ పాఠశాల దక్కింది. అదే ఏడాది అక్టోబరులో విద్యార్థులు తిరిగి తమ తరగతి గదుల్లో చదువు మొదలుపెట్టారు.