ఆకలి లేదంటే నమ్మకండి

పెళ్లి భోజనాల్లో పెద్దావిడ విస్తరి ఒకసారి గమనించండి. పప్పన్నం తిన్నారు, పెరుగన్నంతో ముగించారు. వేపుడు, అప్పడం, ఆవకాయ ముక్క వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. "ఏంటి పిన్నిగారూ, ఏమీ తినలేదే?" అని అడిగితే "ఆకలి లేదమ్మా" అంటారు. ఆకలి ఉంది. నమలడానికి పళ్లు లేవు.

మోకాలి నొప్పి గురించి మన పెద్దలు చెబుతారు. చూపు మసకబారితే శుక్లాల ఆపరేషన్‌కి బయల్దేరతారు. పళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఈ వయసులో ఇంకా పళ్లేమిటిలే" అని వాళ్లకి వాళ్లే సర్దిచెప్పుకుంటారు. మొదట జంతికలు మానేస్తారు. తర్వాత వేరుశెనగ గుళ్లు, జామకాయ, జొన్నరొట్టె, మాంసం ఒక్కొక్కటీ పోతాయి. చివరికి మెత్తటి అన్నం, చారు, టీలో ముంచిన బిస్కెట్ మిగులుతాయి. పీచు, మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థం పెరుగుతుంది, ఒంట్లో కండ తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు "నాన్నగారు ఈమధ్య చిక్కిపోయారు" అనుకుని బలానికి టానిక్ తెస్తారు.

1990లో అమెరికాలో అచిసన్, డోలన్ అనే పరిశోధకులు వృద్ధుల నోటి ఇబ్బందులు తెలుసుకోవడానికి 12 ప్రశ్నలు రూపొందించారు. నోట్లో ఎన్ని పళ్లున్నాయన్న లెక్క వాటిలో లేదు. గత మూడు నెలల్లో నోటి బాధవల్ల తిండి తగ్గించుకున్నారా? అనుకున్నట్టు మాట్లాడగలిగారా? నలుగురి ముందు తినడానికి ఇబ్బంది పడ్డారా? మనుషుల్ని కలవడం తగ్గించారా? ఇలా సాగుతాయి. మన ఇళ్లలో పెద్దల పక్కన కూర్చుని ఇవే అడిగి చూడండి. ఫోన్‌లో మనవడితో మాట్లాడటం ఎందుకు తగ్గించారో, ఫొటో అనగానే నోటికి కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

పళ్లు ఊడటం వయసు చేసే పని కాదు. పిప్పి, చిగుళ్ల జబ్బు చేసే పని. వయసుతో పాటు కొన్ని ముప్పులు పెరిగే మాట నిజమే. చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. దానికి పైన ఎనామిల్ రక్షణ లేదు కాబట్టి పిప్పి తేలిగ్గా పడుతుంది. బీపీకి, దిగులుకి, అలర్జీకి వాడే మందుల్లో చాలావాటివల్ల లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టం.

వీటికి తోడు మన అపోహలు. పైపన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం ఇంకా ఊళ్లలో వినిపిస్తుంది. చూపుకీ పంటికీ ఆ సంబంధం లేదు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయంటారు. వదులు చేసేది గార కింద ముదిరిన చిగుళ్ల జబ్బే. గార తొలగితే ఆ వదులు బయటపడుతుంది, అంతే. అపోహలే కాదు, అలవాట్లూ ఉన్నాయి. ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటుంది. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడంవల్ల అంగిలి కాలుతుంది, క్యాన్సర్‌కి దారి తీస్తుంది. ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లను పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే డాక్టరుకి చూపించి తీరాలి.

పళ్లు ఊడకుండా ఆపడం సాధ్యమని జపాన్ చూపించింది. 80 ఏళ్ల వయసులో సొంత పళ్లు 20 ఉండాలన్న లక్ష్యంతో అక్కడి ప్రభుత్వం, దంతవైద్యుల సంఘం 1989లో '8020' ఉద్యమం మొదలుపెట్టాయి. అప్పట్లో ఆ వయసువాళ్లలో పదిమందికి ఒక్కరైనా అలా లేరు. 2016 సర్వేలో సగానికి పైగా ఉన్నారు. దానికి ఒక తరం కాలం పట్టింది.

ఇప్పటికే బోసినోరైనవాళ్ల సంగతి? కేరళ ప్రభుత్వం 60 దాటిన పేదలకి 'మందహాసం' పథకం కింద ఉచితంగా కట్టుడు పళ్లు ఇస్తోంది. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు పథకం ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచింది. కళ్లకి చేసిన పని పళ్లకీ చేయాలని తెలుగు ప్రభుత్వాలను గట్టిగా అడగాల్సిన సమయమిది.

కట్టుడు పళ్లు చేయించగానే పని అయిపోదు. కొత్తలో మాట తడబడుతుంది, చిగురు ఒరుసుకుంటుంది. చాలామంది అక్కడే విసిగి సెట్టుని డబ్బాలో పెట్టేస్తారు. ఒరుసుకున్నచోట డాక్టరు సరిచేస్తారు, ఇంట్లో ఆకురాయితో గీయకూడదు. రాత్రి తీసి మామూలు నీళ్లలో ఉంచాలి, వేణ్నీళ్లలో వేస్తే వంకర తిరుగుతాయి. పళ్లు లేని దవడ ఎముక ఏటేటా అరుగుతుంది కనుక కొన్నేళ్లకి సెట్టు వదులవుతుంది, మళ్లీ అమర్చుకోవాలి.

మంచాన పడినవాళ్ల నోటిని ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను అన్నిటికన్నా కలచివేస్తుంది. స్నానం చేయిస్తాం, బట్టలు మారుస్తాం, నోరు మాత్రం మరచిపోతాం. అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. జపాన్‌లోని 11 వృద్ధాశ్రమాల్లో జరిగిన అధ్యయనం 1999లో లాన్సెట్‌లో వచ్చింది. మామూలుగా వదిలేసినవాళ్లలో రెండేళ్లలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. ప్రతి భోజనం తర్వాత సిబ్బంది నోరు శుభ్రం చేసినవాళ్లలో 11 శాతం మందికే వచ్చింది. కావాల్సినవి మెత్తటి బ్రష్, శుభ్రమైన గాజుగుడ్డ, కొంచెం ఓపిక. తలవైపు ఎత్తు చేసి ముఖం పక్కకి తిప్పాలి. గుడ్డని తడిపి పిండి, చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల తుడవాలి. మింగడం కష్టమైనవాళ్లకి పుక్కిలించమని నీళ్లు పోయకూడదు.