చేతిఫోనును గూర్చి తలిదండ్రులకు కొన్ని మాటలు

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు, బిడ్డలకొక ఫోను కొనియిండని తలిదండ్రులను వేడుకొన్నవారము ఉపాధ్యాయులమైన మేమే. కూలిడబ్బులు కూడబెట్టి కొందఱు, చెవికమ్మలు తాకట్టుపెట్టి కొందఱు కొనియిచ్చిరి. బడులు మరల తెఱవబడినవి గాని ఫోను బిడ్డల చేతినుండి దిగలేదు. కావున దాని మేలుకీడులను చెప్పవలసిన ఋణము మామీద నున్నదని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

పూర్వము పొద్దుగ్రుంకిన పిదప పెద్దలు బిడ్డలను వీధిలోనికి పోనీయకుండిరి. నేడు బిడ్డ యింటిలోనే, తల్లి ప్రక్కనే, దుప్పటి క్రింద నుండును. అయినను ఊరుపేరు తెలియనివాడొకడు వానితో మాటలాడుచుండును. ఫోనులోని యాటలందు ఆటగాండ్రు ఒకరితో నొకరు మాటలాడుకొను వీలు కలదు. ఆ యపరిచితుడు మొదట తానును తొమ్మిదవ తరగతి విద్యార్థిననును. ఆటలో పనికివచ్చు వస్తువు నొకదానిని బహుమానముగా పంపును. ఇంటిలో నెవ్వరును మెచ్చుకొనని బిడ్డను తాను మెచ్చుకొనును. తరువాత వాట్సాపునకో ఇన్‌స్టాగ్రామునకో, ఇతరులు చూడని చోటికి రమ్మనును. అచ్చట ‘ఇది మన యిద్దఱి రహస్యము, ఇంటిలో చెప్పవద్దు’ అను మాట వచ్చును. ఆ మాట వచ్చినప్పుడే అపాయము గుమ్మము దాటినదని తెలిసికొనవలెను. ఆపై ఒంటి చిత్రము నొకదానిని అడుగును. అది చేతబడినంతనే స్నేహితుడు పోయి, బెదిరించువాడు మిగులును. చిత్రము పంపని బిడ్డకును భయము తప్పుట లేదు. ఇప్పుడు ముఖచిత్రమొకటి దొరకినను కృత్రిమ మేధచేత దానిని అసహ్యమైన చిత్రముగా మార్చగలుగుచున్నారు.

కొంతకాలము క్రిందట నేనెఱిగిన యొక బాలుడు ఇట్టి వలలో చిక్కెను. పదునాలుగేండ్లవాడు, చదువున మందుడు కాడు, ఆదివారపుబడికి తప్పక వచ్చువాడు. తల్లి ఫోనులోని యూపీఐ పిన్ను వానికి తెలియును గనుక, ఐదువందలు, వేయి చొప్పున ఆ దుర్మార్గునకు పంపుచు వచ్చెను. మూడు వారములు అన్నము సరిగా తినలేదు. తల్లి కడుపునొప్పి యనుకొని మందిప్పించెను. తుదకు లెక్కల పరీక్షలో తెల్లకాగితమిచ్చిననాడు నేను ప్రక్కకు పిలిచి యడుగగా ఏడ్చుచు సర్వమును చెప్పెను. ఇంటిలో నేల చెప్పలేదంటిని. “మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడండీ” అనెను.

బెదిరించువాని బలమంతయు ఈ మాటలోనే యున్నది. వాడెక్కడనో దూరమున నుండువాడు. బిడ్డను చేతితో ముట్టలేడు. ఈ పిల్లవాడు తండ్రితో చెప్పుకొనలేడను నమ్మకమే వాని పెట్టుబడి.

లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని ఉపమానము మనమెఱిగినదే. కుమారుడు దూరముగా నుండగనే తండ్రి పరుగెత్తి కౌగిలించుకొనెను గాని, ఆస్తి యేమి చేసితివని లెక్క యడుగలేదు. మన యిండ్లలో మొదట లెక్కయే. నేనును తండ్రినే, నా యింటను వాడుక యదియేయని సిగ్గుతో నొప్పుకొనుచున్నాను.

ఆనాటి సాయంకాలము బాలుని తండ్రిని పిలిపించితిని. ఆయన లారీ నడుపువాడు, ముక్కోపి. విన్నపిదప చాలసేపు నేలచూపులు చూచుచు కూర్చుండెను. తరువాత కుమారునితో “అన్నం తిన్నావురా?” అని మాత్రమడిగెను. మువ్వురమును కలిసి పోలీసుస్టేషనునకు పోతిమి.

ఇట్టి వేళ చేయవలసిన పనులు కలవు. బెదిరించువానికి డబ్బు పంపరాదు. పంపినకొలది మరల నడుగును. కోపముతో సంభాషణలను తుడిచివేయరాదు, అవియే సాక్ష్యములు. వాని ఖాతాపేరును, ఫోను సంఖ్యను, వ్రాసిన మాటలను స్క్రీన్‌షాట్లు తీసి దాచి, ఆ పిమ్మటనే వానిని బ్లాకు చేయవలెను. డబ్బు పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది ఆ డబ్బు ఖాతాలు మారిపోవును. పిల్లల సహాయమునకు 1098 రాత్రింబవళ్లు ఉచితముగా పలుకును. కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరముల పోర్టలునందు స్త్రీలను, పిల్లలను గూర్చిన నేరములకు ప్రత్యేక విభాగము కలదు. అందు పేరు తెలుపకయే ఫిర్యాదు చేయవచ్చును.

మగపిల్లవాని కేమి యని త్రోసివేయు పెద్దలు కలరు. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలికలకు వలెనే బాలురకును రక్షణ యిచ్చుచున్నది. నేరము తెలిసినవారు, ఉపాధ్యాయులైనను సరే, పోలీసులకు తెలుపవలెనని విధించుచున్నది. మఱియొక మాట: సాక్ష్యమనుకొని ఆ చిత్రమును బంధువులకు గాని మాకు గాని పంపరాదు. అట్లు పంపుట ఐటీ చట్టము ప్రకారము నేరమగును.

చిత్రము లోకమంతయు వ్యాపించునను భయముతోనే పిల్లలు ప్రాణముమీదికి తెచ్చుకొందురు. దానికొక యుపాయము కలదు. అమెరికాలో పీడింపబడిన పిల్లలకొఱకు పనిచేయు జాతీయ కేంద్రమొకటి ‘టేక్ ఇట్ డౌన్’ అను ఉచిత సేవను నడుపుచున్నది. చిత్రమును వారికి పంపనక్కఱలేదు. అది బిడ్డ ఫోనులోనే యుండును. దానినుండి వ్రేలిముద్రవంటి యొక సంకేతము మాత్రము తయారై పోవును. ఆ సేవలో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ సంకేతముతో సరిపోలు చిత్రమును తమ వేదికలపై గుర్తించి తీసివేయగలవు. వాట్సాపునందలి గుప్తసంభాషణలలో నిది పనిచేయదు.

ఇక తాళముల సంగతి. గూగుల్ ఫ్యామిలీ లింక్ అను యాపుచే బిడ్డ ఫోను వాడు కాలమును, యాపులను తలిదండ్రులు అదుపు చేయవచ్చును. బిడ్డ ఖాతాను తెలిసినవారికే కనబడునట్లుంచవలెను, అసలు వయస్సునే వ్రాయవలెను. ఇవి మంచివే, అయినను స్నేహితుని ఫోనునందు ఈ తాళములుండవు. మఱియు మనమే బిడ్డ చిత్రమును బడి పేరుగల చొక్కాతో, పుట్టినతేదీతో సహా స్టేటసులో పెట్టుచున్నాము. ఆ మూడును అపరిచితునకు కావలసినవే.

ఫిర్యాదు వ్రాయుట తెలియని తలిదండ్రులు బడి విడిచిన తరువాత నా తరగతిగదికి రావచ్చును. ఫోనును తెండు, అందులోని దేదియు తుడిచివేయకుడు. బిడ్డను వెంటదెచ్చుట మంచిది, కొట్టి మాత్రము తేవలదు.